మీటరు చూపేది అమ్ముడుపోయిన కరెంటునే

సంపాదకులు గారికి నమస్కారం.

చార్జింగ్ స్టేషన్ల గురించి ఈ మధ్య పేపర్లో ఏ వార్త చూసినా ఒకే రకం లెక్క కనిపిస్తోంది. హైవే మీద ఎన్ని పెడతారు, టౌన్లో ఎన్ని, ఒక్కోటి ఎన్ని కిలోవాట్లు, స్థలం ఎవరిది, సబ్సిడీ ఎంత. ఆ స్టేషన్ ఏ గంటలో ఎంత కరెంటు లాగుతుందో, అదే గంటలో అదే సబ్‌స్టేషన్ మీదున్న పొలాల మోటార్ల పరిస్థితి ఏంటో, ఆ అంచనా ఎవరు దేన్ని బట్టి వేశారో మాత్రం ఎక్కడా రాదు. నేను అనంతపురం జిల్లాలో 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటరుగా చేసి రిటైరైనవాణ్ణి. గంట గంటకూ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకూ పొలాలకూ పోయే లైను) ఆంప్స్ చూసి లాగ్‌షీట్లో రాయడమే మా పని, కాబట్టి ఈ విషయంలో కాస్త గట్టిగా మాట్లాడినా తప్పులేదనుకుంటా.

సూటిగా చెప్తా. ఒక స్టేషన్లో పోయిన ఏడాది ఎన్ని యూనిట్లు కాలాయో చూసి, దాని మీద పది శాతమో పాతిక శాతమో వేసి, వచ్చే ఏడాది డిమాండ్ ఇదే అని రాసుకుంటే దాన్ని అంచనా అనరు. మీటరు చూపించేది అమ్ముడుపోయిన కరెంటునే. చార్జింగ్ కోసం వచ్చి గన్ను (బండికి తగిలించే చార్జింగ్ ప్లగ్గు) ఖాళీ లేకనో, గన్ను పాడైపోయో, ఆ టైముకు సప్లై లేకనో వెనక్కి పోయినవాళ్లు మీటర్లో ఎక్కరు. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ బండి గిన్నె ఎనిమిదిన్నరకే ఖాళీ అయిపోతుంది, తొమ్మిది తర్వాత అమ్మకం సున్నా కాబట్టి తొమ్మిది దాటితే అనంతపురంలో ఎవరికీ ఆకలి వేయదు అని ఎవరైనా రాస్తే నవ్వుతాం కదా. చార్జింగ్ విషయంలో అలాంటి లెక్కే ఫైలెక్కినా ఎవరూ నవ్వరు.

మా అన్న కొడుకు కరెంటు కారు కొని టాక్సీకి తిప్పుతున్నాడు, ఎక్కువగా అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు. హైవే మీద ఒక హోటల్ ఆవరణలో చార్జింగ్ పాయింట్ ఉంది, కంపెనీ పేరు ఎందుకులెండి, రెండు గన్నులుంటే ఒకటి చాలా కాలంగా పనిచేయదు. ఫోన్‌లో యాప్ తీస్తే మాత్రం అది ఖాళీగా ఉన్నట్టే పచ్చగా చూపిస్తుంది. వాడితో పాటు నేనూ పోయినప్పుడు అక్కడి వాచ్‌మన్‌ను అడిగితే, "యాడ వస్తారు సామీ, వచ్చినోళ్లు దీన్ని సూసి ఎల్లిపోతారు. మీటరు తిరగదు. తిరగనిదానికి రిపేరు ఎవురు సేయిస్తారు?" అన్నాడు. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. గన్ను పాడైంది కాబట్టి బండ్లు ఆగవు, బండ్లు ఆగవు కాబట్టి యూనిట్లు కాలవు, యూనిట్లు కాలలేదు కాబట్టి అక్కడ గిరాకీ లేదని స్టేషన్ పెట్టినవాళ్ల లెక్క, గిరాకీ లేదని రాసున్న చోట ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ పెంచమని ఏ అసిస్టెంట్ ఇంజనీరైనా ఎస్టిమేట్ ఎందుకు పంపుతాడు?

ఇంకోటి చూడండి. కారు బ్యాటరీ ఎనభై శాతం దాకా వేగంగా ఎక్కుతుంది, ఆ తర్వాత బ్యాటరీ పాడవకుండా కారే కరెంటు తగ్గించుకుంటుంది. 60 కిలోవాట్ల గన్నుకు పెట్టిన కారు చివర్లో పది పన్నెండు కిలోవాట్లు మాత్రమే లాగుతూ ఉండొచ్చు. ముందు చార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో అన్న టెన్షన్‌తో డ్రైవర్లు నూటికి నూరు నింపుకునే కదులుతారు, వాళ్లను తప్పుపట్టలేం. అంటే ఏమవుతుంది? గన్ను ఖాళీ కాదు, వెనకాల మూడు కార్లు ఆగి ఉంటాయి, మీటరు మాత్రం తక్కువ లోడు చూపిస్తూ ఉంటుంది. జనం ఎక్కువ అవస్థ పడుతున్న గంటే లాగ్‌షీట్లో తీరికగా ఉన్న గంటలా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర నలభై రెండు, నలభై మూడు డిగ్రీల్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వేడికి బ్యాటరీ తొందరగా ఎక్కించుకోదు, చార్జరు కూడా తనను తాను కాపాడుకోవడానికి తగ్గించి ఇస్తుంది, పైగా కార్లో ఏసీ నడుస్తూనే ఉంటుంది. అవే యూనిట్లకు బండి ఎక్కువ సేపు గన్ను పట్టుకుని కూర్చుంటుంది. యూనిట్లు మాత్రమే చూసేవాడికి ఇదేదీ కనపడదు.

మరి ఆ వెనక్కి పోయినవాళ్లను లెక్కపెట్టేదెలా అంటారేమో. చాలావరకు ఆ సమాచారం ఇప్పటికే ఉంది. ఈ చార్జర్లు తమ కంపెనీ సర్వరుతో మాట్లాడటానికి ఎక్కువగా ఓసీపీపీ అనే పద్ధతి వాడతాయి. గన్ను ఎప్పుడు ఖాళీగా ఉంది, ఎప్పుడు బండికి తగిలించి ఉంది, ఎప్పుడు ఫాల్ట్‌లో పడింది, కొద్ది నిమిషాలకోసారి ఎన్ని కిలోవాట్లు పోయాయి, అన్నీ టైముతో సహా సర్వరులో నమోదవుతాయి. యాప్‌లో ఎవరు ఏ స్టేషన్ వెతికారు, గన్ను ఖాళీ లేదని చూసి ఎవరు వదిలేశారు అన్నది కూడా ఆ కంపెనీలు తలచుకుంటే తెలుస్తుంది. రెండు గన్నులూ నిండి ఉన్న గంటలు ఎన్ని, ఫాల్ట్‌లో ఉన్న గంటలు ఎన్ని అన్న రెండు అంకెలు ఇచ్చినా చాలు, ఆ గంటల్ని "ఇక్కడ అసలు గిరాకీ దీనికంటే ఎక్కువ" అని గుర్తుపెట్టుకుని మిగతా గంటలతో లెక్క కట్టొచ్చు. గన్ను చచ్చి ఉన్న రోజుల్ని సున్నా డిమాండ్ అని కంప్యూటరుకు నేర్పిస్తే, అది ఎంత పెద్ద కంప్యూటరైనా సున్నానే చెప్తుంది.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి. హైదరాబాద్ నుంచి బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు, దాని నడుమ కర్నూలు, డోన్, గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ. కరెంటు కార్లలో చాలావాటికి హైవే మీద ఏసీ వేసుకుని పోతే రెండు వందల యాభై కిలోమీటర్ల తర్వాత ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆ ఎక్కడో ఒకచోట అంటే మనమే. కాబట్టి గుత్తి స్టేషన్లో లోడు ఎప్పుడొస్తుందో గుత్తి జనాభాను బట్టి, గుత్తిలో ఎన్ని కరెంటు బండ్లు రిజిస్టరయ్యాయో దాన్ని బట్టి చెప్పలేం. బెంగళూరులో జనం తెల్లవారుజామున ఎన్నింటికి బయలుదేరారు, శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో ఆఫీసులు ఎన్నింటికి వదిలారు అన్నదాన్ని బట్టి చెప్పాలి. జిల్లా రవాణా ఆఫీసు రిజిస్ట్రేషన్ లెక్కలు తెచ్చి వాటిని హైవే స్టేషన్లకు పంచిపెడితే కాగితం నిండుతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

దీనికి మంచి ఆధారం టోల్‌గేట్లే. పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు, కర్ణాటక వైపు బాగేపల్లి, వరసగా ఉన్నాయి. ఫాస్టాగ్ బండి నంబరుకు ముడిపడి ఉంటుంది, నంబరును బట్టి అది కరెంటు బండో డీజిల్ బండో రవాణా శాఖ దగ్గర తెలుస్తుంది. పేర్లూ నంబర్లూ ఎవరికీ అక్కర్లేదు, గంటకు ఇన్ని కరెంటు బండ్లు ఇటువైపు దాటాయి అన్న ఒక్క అంకె చాలు. బాగేపల్లి ఎనిమిదింటికి దాటిన బండి తొమ్మిదిన్నర ప్రాంతంలో అనంతపురం చుట్టుపక్కల ఉంటుంది. గంటన్నర ముందు తెలియడమంటే కరెంటు వాళ్లకు చిన్న సంగతి కాదు. గ్రిడ్‌లో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా చేసి, ఏ బ్లాకులో ఎంత కావాలో డిస్కం, అంటే మనకు కరెంటు పంచే కంపెనీ, ముందు రోజే చెప్పాలి, చెప్పినదానికి అటూ ఇటూ అయితే డీవియేషన్ చార్జీలు కట్టాలి, ఆ రోజు సర్దుబాటు చేసుకోవాలన్నా కొన్ని బ్లాకుల ముందే చెప్పాలి.

పండుగల సంగతి మరీ విచిత్రం. "పోయిన ఏడాది ఇదే తేదీన ఎంత లోడు" అన్నది అంచనా వేసేవాళ్లకు మొదట తోచే ప్రశ్న. మహాశివరాత్రి 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. ఉగాది ఆ మూడేళ్లలో ఏప్రిల్ 9, మార్చి 30, మార్చి 19. పోయిన ఏడాది తేదీ పట్టుకుంటే జాతర అయిపోయిన పది రోజులకు లోడు వస్తుందని కంప్యూటరు చెప్తుంది, జాతర రోజు మాత్రం ఏమీ ఉండదంటుంది. శ్రీశైలానికి శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు వేల బండ్లలో పోతారు, కర్నూలు మీదుగా ఆత్మకూరు, దోర్నాల, ఆపైన ఘాటు. ఘాటు ఎక్కే బండికి మామూలు రోడ్డు మీదకంటే ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి కొండెక్కే ముందు నింపుకుంటారు, దిగేటప్పుడు బ్రేకు మీద కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది కాబట్టి కింద అంత అవసరం ఉండదు. అంటే పోయేటప్పటి లోడు ఒకచోట, వచ్చేటప్పటి లోడు ఇంకోచోట. మంత్రాలయానికి గురువారం రద్దీ. శని, ఆదివారాలే సెలవు రద్దీ అని ఢిల్లీలోనో పూణేలోనో తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు ఈ గురువారం ఏం తెలుసు? కడప పక్కన ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రి పూట వెన్నెల్లో జరుగుతుంది, జనం తిరుగుముఖం పట్టేది పొద్దుపోయాకే, ఆ రాత్రి కడప స్టేషన్లలో లోడు మామూలు రాత్రుల్లా ఉండదు. ఇవన్నీ చేరాలంటే పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, పంచాంగం దగ్గర పెట్టుకుని తేదీ బదులు తిథితో పోల్చే ఒక కాలమ్ కలిపితే సరి. అధిక మాసం వచ్చిన ఏడాది జాగ్రత్తగా చూసుకోవాలి, అంతే.

సగటు అనే మాట మీద కూడా నాకు కోపం ఉంది. ఒక స్టేషన్‌కు గంటకు సగటున రెండు బండ్లు వస్తాయి, రెండు గన్నులు చాలు అంటారు. బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని రావు కదా. ఎవరి దారిన వాళ్లు వచ్చేచోట సగటు రెండు అయితే ఇంచుమించు ఇరవై గంటల్లో ఒక గంట ఐదు గానీ అంతకు మించి గానీ వస్తాయి, ఇది లెక్కల పుస్తకంలో ఉన్నదే. రోజుకు ఇరవై నాలుగు గంటలు, అంటే దాదాపు రోజూ ఒక గంట గోల తప్పదన్నమాట. అదే పది స్టేషన్లను కలిపి చూస్తే ఈ ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి, మొత్తం అంచనా బాగానే కుదురుతుంది. అందుకే విజయవాడలో కూర్చుని రాష్ట్రం మొత్తానికి వేసిన అంచనా బ్రహ్మాండంగా సరిపోవచ్చు, అదే రోజు పామిడి దగ్గర ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రెండూ నిజమే. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాడికి రాష్ట్రం లెక్క ఎందుకు?

మా మేనకోడలు బెంగళూరులో ఈ డేటా పనే చేస్తుంది. తనతో ఈ విషయం కదిపితే రెండు మంచి మాటలు చెప్పింది. ఒకటి, ఎల్‌ఎస్‌టీఎం అనీ ఇంకోటనీ ఎన్ని పెద్ద పేర్ల కంప్యూటర్ మోడళ్లు తెచ్చినా ముందు వాటిని "పోయిన వారం ఇదే రోజు ఇదే గంట ఎంతో ఈ వారమూ అంతే" అనే మొరటు అంచనాతో పోటీ పెట్టాలంట, దాన్ని గెలవలేని మోడల్‌కు డబ్బులు దండగ అంట. రెండోది, తప్పును శాతాల్లో చెప్పేవాళ్లను నమ్మొద్దంది. రాత్రి మూడింటికి రెండు కిలోవాట్లు వస్తుందనుకుంటే నాలుగు వచ్చింది, తప్పు సగానికి సగం, నష్టం ఏమీ లేదు. ఏ బండీ రాని గంటలో అసలు శాతమే కట్టలేం, సున్నాతో భాగించాలి. అదే పొద్దున పదింటికి ఎనభై అనుకుంటే వంద వచ్చింది, తప్పు ఇరవై శాతమే, స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు మించిపోవడానికి అది చాలు. కాబట్టి కిలోవాట్లలో చెప్పమనాలి, అదీ ఎక్కువ లోడున్న గంటల్లో ఎంత తప్పారో విడిగా చెప్పమనాలి. ఒకే అంకె కాకుండా, మామూలుగా ఇంత, పది రోజుల్లో తొమ్మిది రోజులు ఇంతకు మించదు అని రెండు అంకెలు ఇస్తే సబ్‌స్టేషన్లో ఉన్నవాడికి దేనికి సిద్ధంగా ఉండాలో తెలుస్తుంది. మా కాలంలో ఇది ఎవరూ ఇవ్వలేదు, అనుభవం మీద లాక్కొచ్చాం.

ఇప్పుడు సోలార్ సంగతికి వస్తా, ఎందుకంటే ఇక్కడే అందరూ తొందరపడుతున్నారు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది, ఎన్‌పీ కుంటలో ఇంకోటి, రామగిరి వైపు గాలిమరలు, ఇంత పగటి కరెంటు మన నేల మీద తయారవుతోంది. కేంద్రం 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చార్జింగ్ స్టేషన్లకు పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటును సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకూ, మిగతా వేళల్లో 1.3 రెట్లకూ ఇవ్వాలని ఉంది. మంచిదే. సాయంత్రం ఇళ్లల్లో ఏసీలు, కూలర్లు మొదలై ముద్దనూరులో బొగ్గు మండుతున్న టైముకంటే పగలు ఎండ ఉన్నప్పుడు బండికి చార్జింగ్ ఎక్కించుకోవడమే న్యాయం.

అయితే గ్రిడ్‌లో కరెంటు చవగ్గా ఉండటం, మన ఊరి సబ్‌స్టేషన్లో జాగా ఉండటం ఒకటి కాదు. రైతుల తొమ్మిది గంటల ఉచిత కరెంటు ఇప్పుడు పగలే ఇస్తున్నారు. చీనీ (బత్తాయి) తోటలున్న మండలాల్లో మార్చి నుంచి మే దాకా పల్లె సబ్‌స్టేషన్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బిగుసుకుపోయేది పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకానే, సాయంత్రం కాదు. ఒక 60 కిలోవాట్ల గన్ను పూర్తిగా లాగిందంటే ఐదు హార్స్‌పవర్ మోటార్లు పదహారు ఆన్ చేసినంత. పగలు చవక అని బోర్డు పెడితే బెంగళూరు కార్లు, టాక్సీలు అన్నీ పగలే ఎక్కించుకుంటాయి, చార్జింగ్ స్టేషన్ ఫీడరు విడిగా ఉన్నా పైనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. అప్పుడు ఓల్టేజీ పడిపోయి మోటార్లు కాలితే రైతుకూ కారువాడికీ మధ్య తగాదా పెట్టినట్టవుతుంది. కాబట్టి ఏ సబ్‌స్టేషన్ కింద ఏ నెలలో ఏ గంటల్లో నిజంగా జాగా ఉందో చూసి ఆ గంటల్ని చవక చేయాలి, దానికి స్టేషన్ లోడు అంచనానూ వ్యవసాయ ఫీడర్ల లాగ్‌షీట్లనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకడు కావాలి. ఇంకో తలనొప్పి ఏంటంటే ధర మారగానే జనం అలవాటు మారుతుంది, కాబట్టి పాత ధర ఉన్నప్పటి లెక్కలు కొత్త ధరకు పనికిరావు. అందరి అలవాటూ ఒకలా మారదు కూడా. పెళ్లికి పోయేవాడు గన్ను కనపడినచోట ఎంతైనా కట్టి ఎక్కించుకుంటాడు, టౌన్లో ఆటో తోలేవాడు రూపాయి తగ్గినా టైము మార్చుకుంటాడు. ఈ ఇద్దరినీ ఒకే గీతలో కలిపి వేసిన అంచనా ఇద్దరికీ కుదరదు.

అన్నిటికంటే సులువుగా అంచనా వేయగలిగింది బస్సు డిపో. తిరుపతిలో అలిపిరి డిపో నుంచి కొండ మీదికి కరెంటు బస్సులు నడుస్తూనే ఉన్నాయి, రేపు మన ఊళ్లకూ వస్తాయి. ఉదాహరణకు ఒక డిపోకు యాభై బస్సులనుకుందాం, ఒక్కోటి రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగి కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున తింటే రోజుకు పది వేల యూనిట్లు. రాత్రి ఆరు గంటల్లో వరసగా, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తే సుమారు 1,700 కిలోవాట్లతో పని అయిపోతుంది. డిపోకు రాగానే ఇరవై అయిదు గన్నులు ఒకేసారి 180 కిలోవాట్ల చొప్పున లాగితే 4,500 కిలోవాట్లు. యూనిట్లు అవే, బిల్లు ఇంచుమించు అదే, కానీ మొదటిది సుమారు ఐదు వేల కిలోవాట్లు మోసే ఒక మామూలు 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడో వంతు, రెండోది దాన్ని దాదాపు నింపేస్తుంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంచనా ఎందుకు చాలదో ఇంతకంటే వివరంగా నేను చెప్పలేను. బస్సులకు టైంటేబుల్ ఉంది, ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఎంత మిగిలి వస్తుందో ముందే తెలుసు, ఇక్కడ కూడా గంటల వారీ లెక్క లేకుండా కనెక్షన్ ఇస్తే అది బద్ధకమే.

ఇళ్ల దగ్గర స్కూటర్లు, ఆటోలు ఎక్కించుకునేది వేరే కథ. వాటి లోడు చార్జింగ్ స్టేషన్ లెక్కలోకి రాదు, ఇంటి మీటర్లో కలిసిపోతుంది, దాని గురించి ఇంకెప్పుడైనా.

మన దగ్గర కరెంటు బండ్లే తక్కువ, ఇప్పుడే ఇంత హడావుడి ఎందుకు అని కొందరంటారు. తక్కువ ఉన్నప్పుడే లెక్క రాసే అలవాటు చేసుకోవాలి కాబట్టి. స్టేషన్లు వందల్లో అయ్యాక, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా డేటా దాచుకున్నాక, అప్పుడు వెనక్కి వెళ్లి రెండేళ్ల కిందటి క్యూలు ఎవరూ లెక్కపెట్టలేరు. నియమాల ప్రకారం మున్సిపాలిటీల్లో కనెక్షన్ ఏడు రోజుల్లో, పల్లెల్లో పదిహేను రోజుల్లో ఇవ్వాలి. పదిహేను రోజుల్లో సర్వీసు వైరు లాగొచ్చు, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పెంచలేం. ముందు తెలియకపోతే రాసుకున్న గడువులన్నీ గోడ మీద రాతలే.

ఇంతకూ ఎవర్ని అడగాలి అంటే, అనంతపురం, కర్నూలు, కడప, మన ఈ మూడు పాత జిల్లాలకూ డిస్కం తిరుపతిలో ఉన్న ఎస్పీడీసీఎల్, దాని లెక్కల్ని పరిశీలించే విద్యుత్ నియంత్రణ మండలి ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాదికి కావాల్సిన కరెంటు, ఖర్చు లెక్కలు అక్కడ దాఖలు చేయాలి, వాటి మీద మనలాంటివాళ్లు ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. నేను ఈసారి రాసి పంపబోయేది ఇది: చార్జింగ్ స్టేషన్ల కేటగిరీకి ఏడాది మొత్తం యూనిట్లు ఒక లైనులో వేసి వదిలేయకుండా, హైవే స్టేషన్లు, టౌను స్టేషన్లు, బస్సు డిపోలు విడివిడిగా, గంటల వారీగా, ఏ సబ్‌స్టేషన్ కింద అన్నది చూపించాలి. కనెక్షన్ ఇచ్చేటప్పుడే ప్రతి స్టేషన్ గన్నులు నిండి ఉన్న గంటలు, పాడై ఉన్న గంటలు నెలనెలా డిస్కంకు ఇవ్వాలని షరతు పెట్టాలి. సప్లై లేని గంటలు డిస్కం దగ్గరే ఉంటాయి, వాటిని కూడా కలపాలి. పోయిన ఏడాది వేసిన అంచనా ఎంత, వచ్చింది ఎంత అన్నది పక్కపక్కన అచ్చు వేయాలి, తప్పినా ఫరవాలేదు, తప్పింది కనపడాలి.

మీ పత్రికను అడిగేది ఒకటే. అభ్యంతరాలు పిలిచే నోటీసు ప్రతిసారీ లోపలి పేజీలో భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో వస్తుంది. ఆ నోటీసు వచ్చిన రోజు జిల్లా పేజీలో ఒక వార్తగా కూడా వేయండి, ఆఖరి తేదీతో సహా. హైవే మీద గన్ను దగ్గర గంటలు గంటలు కూర్చున్న టాక్సీవాళ్లు, వేసవిలో మోటార్లు కాల్చుకున్న చీనీ రైతులు, ఇద్దరూ ఒకే ఫైలు మీద అభ్యంతరం రాయాల్సినవాళ్లే.

ఇట్లు,
రిటైర్డ్ షిఫ్ట్ ఆపరేటరు,
అనంతపురం